తొలి ఇంగ్లీషు వలస స్త్రీ వంశచరిత్రను ఎలా వెతకాలి? మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఎలిజబెత్ టిల్లీ ఉదాహరణ

ఇంగ్లండు నుంచి అమెరికాకు తొలినాళ్లలో వలస వెళ్లిన స్త్రీల వంశచరిత్ర రాయబూనినవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇంటిపేరుది. పెళ్లితో పుట్టింటి పేరు పోతుంది, ఆ తరువాత కాగితాల్లో ఆమె ‘ఫలానావారి భార్య’గా మాత్రమే కనిపిస్తుంది. పుట్టింటి ఆనవాలును తిరిగి ఎలా పట్టుకోవాలో ఎలిజబెత్ టిల్లీ జీవితం ఆధారంగా చూద్దాం. 1620లో పదమూడేళ్ల వయసులో మేఫ్లవర్ ఓడలో అమెరికా తీరంలోని ప్లిమత్ (ఇంగ్లీషువారి తొలినాటి కాలనీ) చేరిన ఆమె, మొదటి చలికాలంలోనే తల్లిదండ్రులను, బాబాయిని, పిన్నిని పోగొట్టుకుంది. తరువాత జాన్ హౌలండ్‌ను పెళ్లాడి పదిమంది పిల్లలను కన్నది.

వెతుకులాటను పుట్టుక నుంచి కాక మరణం నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవాలి. అన్నిటికంటే ముందు చూడవలసింది వీలునామా. ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ ఆస్తి భర్త చేతిలో ఉండేది కాబట్టి భార్యలు వీలునామా రాయడం అరుదు. వితంతువులు మాత్రం రాయగలిగేవారు. ఎలిజబెత్ తన వీలునామాను 1686 డిసెంబర్ 17న రాయించింది. అందులో కూతుళ్లు లిడియా బ్రౌన్, ఎలిజబెత్ డికిన్సన్ మెట్టినింటి పేర్లతో కనిపిస్తారు కనుక తరువాతి తరానికి దారి అక్కడే దొరుకుతుంది. తనకున్న వాటిలో మంచి ఈకల పరుపు, ఆకుపచ్చని రగ్గు, చిన్న అలమర, చిన్న బైబిలు ఆమె లిడియాకు ఇచ్చింది. ఒక తల్లి తన చేతి వస్తువులను ఒక్కొక్కటిగా పంచిపెట్టిన ఈ కాగితం ముందు ఎన్ని వంశవృక్షాలైనా వెలవెలబోతాయని నా అభిప్రాయం. తనకు 79 ఏళ్లని, జ్ఞాపకశక్తి చక్కగా ఉందని కూడా ఆమె అందులో చెప్పింది. 1686 నుంచి 79 తీసివేసి, వచ్చిన 1607ను పక్కన రాసుకోండి, తరువాత పనికొస్తుంది.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1752కు ముందు ఇంగ్లీషువారికి అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల పాత లెక్కలో 1672 ఫిబ్రవరి 23న జరిగిన జాన్ హౌలండ్ మరణం మన లెక్కలో 1673లో పడుతుంది. ఇలాంటి తేదీలను 1672/3 అని రెండు సంవత్సరాలతో రాసుకోవాలి.

పెళ్లి తేదీ నేరుగా దొరక్కపోతే దానికి హద్దులు కట్టాలి. ప్లిమత్‌లో పెళ్లిళ్లు చర్చిలో కాక అధికారి ఎదుట జరిగేవి, ఎలిజబెత్ పెళ్లి నమోదు మనకు దొరకలేదు. అయితే 1627 మే 22న కాలనీలోని పశువులను, పదమూడేసి మంది ఉన్న పన్నెండు జట్లకు పంచినప్పుడు పసిపిల్లలతో సహా అందరి పేర్లూ రాశారు. అందులో హౌలండ్, అతని భార్య ఎలిజబెత్, పిల్లలు జాన్, డిజైర్ ఉన్నారు. అంటే పెళ్లి అప్పటికి కొన్నేళ్ల ముందే జరిగి ఉండాలి.

ఇక తల్లిదండ్రుల దగ్గరకు వచ్చేసరికి ఓపిక చాలా అవసరం, ఎందుకంటే గౌరవంతో చెక్కించిన రాయి కూడా తప్పు చెప్పగలదు. హౌలండ్ మొదట ప్లిమత్ కాలనీ తొలి గవర్నర్ జాన్ కార్వర్ దగ్గర సేవకుడు. అతని భార్య కార్వర్ కూతురేనని చాలాకాలం నమ్మారు. 19వ శతాబ్దంలో ప్లిమత్ శ్మశానంలో నిలబెట్టిన రాయి మీదా అలాగే రాయించారు. కార్వర్ తరువాత గవర్నరైన విలియమ్ బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసిన ప్లిమత్ కాలనీ చరిత్ర ప్రతి కనబడకుండా పోయి, 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడింది. మరుసటి ఏడాది అది అచ్చయింది. జాన్ టిల్లీ, అతని భార్య ఒడ్డుకు చేరిన కొద్దికాలానికే చనిపోయారని, వారి కూతురు ఎలిజబెత్‌ను హౌలండ్ పెళ్లాడాడని అందులో స్పష్టంగా ఉంది. కనుక సంఘటనకు దగ్గరగా, దాన్ని ఎరిగినవారు రాసిన కాగితాన్నే నమ్మాలి. వందల ఏళ్ల తరువాత రాసినదాన్ని దానితో సరిపోల్చుకోవాలి.

చివరగా సముద్రం దాటి ఇంగ్లండు చర్చి రిజిస్టర్లలో వెతకాలి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేయాలని 1538లో ఉత్తర్వు వచ్చింది. ఈ పాత పుస్తకాలు ఇప్పుడు ఎక్కువగా ఆయా కౌంటీల ఆర్కైవ్స్‌లో ఉంటాయి. బెడ్‌ఫోర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామపు రిజిస్టర్లో జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌కు 1607 ఆగస్టు 30న బాప్తిస్మం ఇచ్చినట్టు ఉంది. వీలునామాలోని వయసుతో ఇది సరిపోతుంది. అయినా పేరు, వయసు కలిసినంత మాత్రాన సరిపోదు, చుట్టాలు కూడా కలవాలి. బాబాయి ఎడ్వర్డ్ టిల్లీ బాప్తిస్మం, ఆయన కుటుంబంతో ఓడ ఎక్కిన బంధువుల పిల్లవాడు హెన్రీ శామ్సన్ బాప్తిస్మం కూడా హెన్లోలోనే నమోదయ్యాయి. అప్పుడే సందేహం తీరుతుంది.

అదే రిజిస్టర్ ప్రకారం తల్లి జోన్ హర్స్ట్, థామస్ రోజర్స్ అనే ఆయన వితంతువు. 1596లో జాన్ టిల్లీని పెళ్లాడింది. మేఫ్లవర్‌లో వచ్చినవారిలో ఒక థామస్ రోజర్స్ ఉన్నాడు కాని, ఆయన వేరు. ఈ వివరాలన్నీ వంశవృక్షంలోకి ఎక్కించేటప్పుడు ప్రతి గడి కిందా ఏ కాగితంలో దొరికిందో రాయండి. ఎలిజబెత్ పెళ్లి గడిలో ఊహించిన సంవత్సరం వేయకండి. ‘1627 మే 22కు ముందు’ అని రాయండి.