ధ్యానంలో కూర్చుంటే నిద్ర, లేదంటే ఆలోచనలు: నాకు పనిచేసింది ఇదీ

మాది కర్నూలు. కళ్ళు మూసుకున్న ఐదు నిమిషాలకే తల ముందుకు వాలిపోయేది, నిద్ర రాని రోజున ఇంటి అప్పు, పిల్లాడి ఫీజు, నిన్న ఎవరో అన్న మాట, అన్నీ వరసగా వచ్చేవి. అగరొత్తులు, యాప్‌లో సంగీతం, కాఫీ తాగి కూర్చోవడం, నాలుగింటికే లేవడం, ఏదీ పనిచేయలేదు.

బౌద్ధంలో ధ్యానానికి అడ్డుపడే ఐదింటిని నీవరణాలంటారు, అందులో మగత ఒకటి, మనసు నిలవకపోవడం ఇంకొకటి. రెండు వేరువేరు అడ్డంకులకు నేను ఒకే మందు వేస్తున్నానని అప్పుడు అర్థమైంది.

కునికిపాట్లు పడుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు కళ్ళు కడుక్కోమని, అటూ ఇటూ నడవమని చెప్పాడంటారు. నేనూ ముందు చన్నీళ్ళతో మొహం కడుక్కుని, మిద్దె మీద పది నిమిషాలు చెప్పుల్లేకుండా నడుస్తాను, మడమ ముందా వేళ్ళు ముందా గచ్చుకి తగిలేది అని గమనిస్తూ. ఆ తర్వాతే కూర్చుంటాను, కళ్ళు సగం తెరిచి, చూపు నేల మీద పెట్టి. ఊపిరి వదిలినప్పుడు మాత్రమే లెక్క, ఒకటి నుంచి పది, మళ్ళీ ఒకటి. ఏడు దగ్గర అప్పు గుర్తొస్తే మనసులో 'ఆలోచన' అని ఒక్క మాట అనుకుని, నన్ను నేను తిట్టుకోకుండా ఒకటికి వచ్చేస్తాను. ఇలా తిరిగి రావడమే సాధన అని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మూడు వారాలకు తేడా తెలిసింది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. రాత్రి నిద్ర చాలకపోతే ముందు అదే సరిచేసుకోండి, కూర్చున్నప్పుడల్లా భయం, దిగులు ఎక్కువవుతుంటే ఆపేసి డాక్టర్‌ను కలవండి. వేసవిలో మాత్రం నడక ఎండ రాకముందే అయిపోవాలి.