వాడిన నీళ్లలోంచి ఎరువు – 4వ పాఠం: మూత్రంలోంచి భాస్వరం రాబట్టడం

పోయిన పాఠంలో చెప్పినట్టు మూత్రాన్ని నీళ్లు కలవకుండా 20 లీటర్ల క్యాన్‌లో పట్టి మూత బిగించి ఉంచారా? లేకపోతే ముందు ఆ పని చూడండి, అది లేకుండా ఈ పాఠం చదివి లాభం లేదు. ఇంటి మురుగు మొత్తంలో మూత్రం నూటికి ఒక వంతే, కానీ ఆ మురుగులోని నత్రజనిలో దాదాపు 80 శాతం, భాస్వరంలో దాదాపు సగం అందులోనే ఉంటాయి. కాలువలో కలిసిపోయాక పట్టుకోవాలంటే పెద్ద ప్లాంటు కావాలి. కలవక ముందైతే బకెట్, కర్ర, గుడ్డ చాలు.

భాస్వరం కోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? మన గజపతి, రాయగడ జిల్లాల వైపు ఎర్రనేలల్లో చాలా చోట్ల పులుపు గుణం ఎక్కువ, వేసిన డీఏపీలో కొంత భాస్వరం ఇనుము, అల్యూమినియంలకు అతుక్కుపోయి మొక్కకు అందదు. పైగా డీఏపీ మన ఒడిశాలోనే పారదీప్‌లో తయారవుతున్నా, దానికి కావాల్సిన ఫాస్ఫేట్ రాయి ఎక్కువగా మొరాకో లాంటి దేశాల నుంచి ఓడల్లో దిగాలి. అంత దూరం నుంచి వచ్చింది మనం తిన్న అన్నంలోంచి కాలువలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి పోయి గుర్రపుడెక్కను పెంచుతోంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

ఇక పనిలోకి వద్దాం. క్యాన్ మూత తీయకుండా మన ఎండల్లో వారం పది రోజులు ఉంచితే మూత్రంలోని యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది, ఘాటు వాసన వస్తుంది. పీహెచ్ పేపర్ (పులుపు, క్షార గుణం చూపే కాగితం) ముంచితే 9 దగ్గర చూపించాలి, అంతకు బాగా తక్కువుంటే ఇంకొన్నాళ్లు ఆగండి. ఇప్పుడు ఆ ద్రవంలో అమ్మోనియం ఉంది, ఫాస్ఫేట్ రూపంలో భాస్వరం ఉంది, తక్కువైంది మెగ్నీషియం ఒక్కటే. మూడూ కలిస్తే స్ట్రువైట్ అనే స్ఫటికం కడుతుంది.

మెగ్నీషియం కోసం ఎరువుల కొట్లో మెగ్నీషియం సల్ఫేట్ అడగండి. లెక్క తేలిక: గ్రాము మెగ్నీషియం సల్ఫేట్‌కి దాదాపు గ్రాము స్ట్రువైట్. 20 లీటర్లకు 50 గ్రాములు సరిపోతుంది. పర్లాకిమిడి వాళ్లకైతే ఇంకో దారి కూడా ఉంది, గుణుపూర్ రైలు మొదలయ్యే నౌపడలో ఉప్పుమడులున్నాయి కదా, ఉప్పు తీసేశాక మడిలో మిగిలే చేదు నీళ్లలో మెగ్నీషియం దండిగా ఉంటుంది. వాటి చిక్కదనం ఒక్కో మడిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా పోయండి. కలిపి, తేరుకున్నాక పైతేటను గాజు గ్లాసులోకి తీసి ఆ చేదు నీళ్లు రెండు చుక్కలు వేయండి. తెల్లగా మబ్బు పట్టిందంటే ఇంకా కావాలన్నమాట.

మెగ్నీషియం వేశాక కర్రతో పది నిమిషాలు మెల్లగా తిప్పండి. ద్రవం పాలు కలిపినట్టు విరిగి, సన్నటి మెరుపు రేణువులు తిరుగుతూ కనిపిస్తాయి, తిప్పడం ఆపగానే అవి అడుగుకు దిగుతాయి. రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పైతేట వంచుకుని, అడుగుది దళసరి నూలుగుడ్డలో వడకట్టండి. ఆరబెట్టేది గాలాడే నీడలోనే, మంటమీదా రేకుమీదా వద్దు, 55 డిగ్రీలు దాటితే అమ్మోనియా ఎగిరిపోతుంది. పూర్తిగా ఆరాక వేళ్ల మధ్య గరగరలాడే పొడి మిగులుతుంది, వాసన దాదాపు ఉండదు. తడిగా ఉన్నప్పుడు మాత్రం చేతులకు గ్లవుజులు తప్పనిసరి, నులిపురుగుల గుడ్లు గుడ్డమీదే నిలిచిపోయే అవకాశం ఉంది. ఆ గుడ్డనీ బకెట్‌నీ బ్లీచింగ్ పౌడర్‌తో కడగొద్దు, అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఈ పొడిలో భాస్వరం 12.6 శాతం, నత్రజని 5.7. నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి వానకు కొట్టుకుపోదు, పులుపు నేలలో కాస్త తొందరగా కరుగుతుంది, అంటే మనకు అనుకూలమే. వంగ, టమాటా నారు నాటేటప్పుడు గుంతకు ఒక చెంచా వేసి, మట్టి కప్పి, పైన మొక్క పెట్టండి.

వంచుకున్న పైతేట పారబోయకండి. నత్రజనిలో ఎక్కువ భాగం, పొటాష్ దాదాపు మొత్తం అందులోనే ఉన్నాయి. మీ ఇంటిదే అయి, మీ ఇంటి పెరడుకే వాడుకుంటే, కోతకు నెల ముందే పోయడం ఆపేస్తే చాలు. హాస్టల్ లాంటి చోట్ల నలుగురిదీ కలిస్తే ఆరు నెలలు నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెబుతాయి. ఎన్ని నీళ్లు కలపాలి, వేరుకు ఎంత దూరంలో పోయాలి అన్నది 5వ పాఠంలో. అప్పటిదాకా క్యాన్‌లో పోసి, మూత బిగించి, పట్టిన తేదీ రాసి నీడలో పెట్టండి.