విదేశీ చదువుకు బయలుదేరే ముందు హైదరాబాద్‌లోనే ముగించుకోవలసిన పనులు

విదేశీ విశ్వవిద్యాలయం నుంచి అడ్మిట్ వచ్చిన రోజున ఇంట్లో మొదట మొదలయ్యేది సూట్‌కేసుల చర్చే. నిజానికి పెట్టెలు సర్దడం చివరి వారం పని. అంతకు ముందున్న నాలుగైదు నెలలూ కాగితాలకు, డబ్బుకు, ఆరోగ్యానికి కేటాయించాలి. వాటిలో ఏ ఒక్కదాన్నీ కన్సల్టెన్సీకో నాన్నగారికో పూర్తిగా వదిలేయకుండా విద్యార్థి తానే దగ్గరుండి చూసుకోవాలి, ఎందుకంటే రేపు కాన్సులేట్ కిటికీ ముందు, ఆ తర్వాత పరాయి విమానాశ్రయంలో జవాబు చెప్పవలసింది ఆ విద్యార్థి ఒక్కరే. మా అమ్మాయిని అమెరికా పంపినప్పుడు మేము నేర్చుకున్నవాటిని, ఇతర దేశాలకు వెళ్లేవారికి పనికొచ్చే కొన్ని విషయాలను కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు పేరు చూసుకోండి. మన ఇంటిపేరు పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది, ఆధార్‌లో ఒక్కోసారి చివరికి చేరుతుంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు ఒక గడి, సొంతపేరుకు మరో గడి విడివిడిగా ఉంటాయి. ఈ తేడా తెలియక ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, మొత్తం పేరును రెండో గడిలోనే రాయించుకున్నవారు మనలో తక్కువేమీ కాదు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చినప్పుడు ఆ మొత్తం పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, సొంతపేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి. సొంతపేరు తెలియదని వాటి అర్థం. ఆ మూడక్షరాలు అక్కడి ఇతర పత్రాల్లోకి కూడా పాకే ప్రమాదం ఉంది, పాకిన తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని. కాబట్టి పాస్‌పోర్టును దిద్దించి రీఇష్యూ చేయించుకోవాలనుకుంటే విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం (అమెరికా విద్యార్థి వీసాకు అవసరమైన ప్రవేశ ధ్రువపత్రం) తయారు చేయకముందే, పోలీసు వెరిఫికేషన్‌కు పట్టే రోజులను కూడా లెక్కలో వేసుకుని, దరఖాస్తు చేయాలి. ‘లక్ష్మీప్రసన్న’ వంటి పేరు ఇంగ్లిషులో ఒకచోట ఒకే మాటగా, మరోచోట రెండు మాటలుగా ఉన్నా అప్పుడే ఒకే తీరుకు తెచ్చుకోవడం మంచిది. తల్లిదండ్రుల పేర్లను సైతం ఇలాగే సరిచూడాలి, ఎందుకంటే చదువు ఖర్చు భరించేవారు వారేనని చూపవలసింది వారి బ్యాంకు కాగితాలతోనే.

మా అమ్మాయి డీఎస్-160 దరఖాస్తును, అంటే అమెరికా వీసా కోసం ఆన్‌లైన్‌లో నింపే ఫారాన్ని, నగరంలోని ఒక కన్సల్టెన్సీ నింపింది. దాన్ని సమర్పించడానికి ముందురోజు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేజీ చదివాము. పాస్‌పోర్టు జారీ అయిన తేదీలో రోజు, నెల తారుమారయ్యాయి. ఇంటర్ చదివిన కాలేజీ పేరు అసలు లేదు. గడచిన ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయవలసిన చోట ఒక్కటే కనిపించింది. వారిది నిర్లక్ష్యమేనని ఇప్పటికీ బాధగా ఉంటుంది, కానీ దరఖాస్తు ఎవరు నింపినా అందులోని ప్రతి మాటా నిజమని ధ్రువీకరించి ఎలక్ట్రానిక్ సంతకం చేయవలసింది విద్యార్థే. అందువల్ల కనీసం ఒక పూట కేటాయించి మీరే చదవండి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది.

అమెరికా వీసాకు స్లాట్లు, అంటే ముందుగా తీసుకునే అపాయింట్‌మెంట్లు, రెండు ఉంటాయి. వేలిముద్రలు, ఫొటో కోసం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రానికి, ఇంటర్వ్యూ కోసం నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు వెళ్లాలి. కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి ఇక్కడికి మారింది. లోపలికి ఫోను, స్మార్ట్‌వాచీ అనుమతించరు కనుక వాటిని వెంట వచ్చినవారికి అప్పగించండి. చాలామంది ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక 108 చేయడానికి మళ్లీ వెళ్తారు. మేమూ వెళ్లాము. ఆ ఉదయం మనసు కుదుటపడిన మాట నిజం. అయితే మీరు ఏ కోర్సు చదవబోతున్నారు, ఆ విశ్వవిద్యాలయాన్నే ఎందుకు ఎంచుకున్నారు, ఫీజు ఎవరు కడుతున్నారు అన్న మూడు ప్రశ్నలకు బట్టీపట్టని జవాబులు మీ దగ్గర ఉండాలి.

డబ్బు విషయంలో ఫీజు కన్నా ముందు చిన్న ఖర్చులు వరుసగా వచ్చి పడతాయి. అమెరికాకైతే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అక్కడి ప్రభుత్వ వ్యవస్థ) రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. బ్రిటన్‌కు వెళ్లేవారు వీసా రుసుముతో పాటు ఆరోగ్య సర్‌చార్జీ కింద ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి, చూపవలసిన నిధులు వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. జర్మనీకి వెళ్లేవారు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) తీసుకోవడంతో పాటు ఏడాది ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) 11,904 యూరోలు ఉంచాలి. ఈ అంకెలు మారుతూ ఉంటాయి కనుక కట్టే రోజున అధికారిక వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

విద్యారుణానికి ఆస్తి తాకట్టు పెట్టేవారు అడ్మిట్ కోసం ఎదురుచూడకుండా ముందే పత్రాలు సేకరించడం మొదలుపెట్టాలి. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి గతంలో చేతులు మారినప్పటి పత్రాలు), ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఇంటి పన్ను రశీదు, మంజూరైన ప్లాను చేతిలో ఉన్నా, బ్యాంకు న్యాయవాది అభిప్రాయం, ఆస్తి విలువ అంచనా పూర్తయ్యేసరికి వారాలు గడుస్తాయి, లింకు డాక్యుమెంట్లలో ఒక్కటి తగ్గినా పని ఆగిపోతుంది. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు అంగీకరించవు. మంజూరు పత్రం వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదన్నది, చదువుకునే కాలంలో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుందన్నది ఇంటిల్లిపాదికీ తెలియాలి. సొంత డబ్బు పంపేవారి విషయంలో, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి పాన్ మీద పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్న్ దాఖలు చేసినప్పుడు దాన్ని పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఖాతాలో కొద్దిరోజులు డబ్బు వేసి చూపిస్తామని, స్టేట్‌మెంట్లు తయారు చేసి ఇస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి వెంటనే లేచి రండి. అబద్ధపు కాగితంతో పట్టుబడినవారికి అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

చిన్ననాటి టీకా కార్డు ఇంట్లో ఉందేమో వెతకండి. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా రెండు డోసులు అడుగుతాయి. కార్డు లేకపోతే మళ్లీ వేయించుకోవాలి, రెండింటి మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. క్షయ చర్మపరీక్షను టీకా వేసిన రోజే చేయించాలి, లేదా కనీసం నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే ఫలితం తప్పు రావచ్చు. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండేవారు ఆ ప్రభుత్వం గుర్తించిన క్లినిక్‌లోనే క్షయ పరీక్ష చేయించుకోవాలి. పంటి పనులన్నీ ఇక్కడే ముగించుకోండి, ఎందుకంటే అక్కడి విద్యార్థి బీమాలో సాధారణంగా పళ్ల వైద్యం కలవదు. కళ్లద్దాలు అదనంగా ఒక జత చేయించుకోండి.

ఇక పెట్టెలు. టికెట్‌పై రాసి ఉన్న బరువే లెక్క. కొక్కానికి తగిలించే తూకం ఒకటి కొనుక్కుంటే విమానాశ్రయంలో పెట్టె తెరిచి సర్దుకునే అవస్థ తప్పుతుంది. ఎండుకొబ్బరి పెట్టకూడదు. నూనె అధికంగా ఉండటం వల్ల అది తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. కోడిమాంసం, మటన్ పచ్చళ్లు అమెరికాకు తీసుకెళ్లకూడదు. బ్రిటన్, ఐరోపా దేశాలకు పాలతో చేసిన మిఠాయిలు కూడా పనికిరావు. ఆవకాయను మాత్రం మేము ఇలా కట్టాము: గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు వేళ్ల ఖాళీ వదిలి నింపి, నోటికి మందపాటి పాలిథిన్ కప్పి రబ్బరు బ్యాండు వేసి, మూత బిగించి చుట్టూ టేపు వేసి, డబ్బాను రెండు జిప్ కవర్లలో ఉంచి, పాత తువ్వాలు చుట్టి బట్టల నడుమ నిలబెట్టాము. డల్లాస్‌లో తెరిచి చూస్తే ఒక్క నూనె చుక్క కూడా బయటికి రాలేదు. మన మిక్సీలు 230 వోల్టులకు తయారైనవి కనుక 120 వోల్టుల అమెరికాలో సరిగా తిరగవు. కుక్కర్ తీసుకెళ్లేవారు ఇండక్షన్ అడుగు ఉన్నది ఎంచుకోండి, అంతకన్నా ముందు అన్నం, పప్పు, ఒక కూర ఎవరి సాయమూ లేకుండా నెల రోజులు వండటం అలవాటు చేసుకోండి.

బ్యాంకు ఓటీపీలు ఇక్కడి నంబరుకే వస్తాయి కాబట్టి సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడే ప్రారంభించి, వెళ్లాక పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవారి రూపాయి ఖాతాగా) మార్పించుకోవాలి. చూడని ఇంటికి అడ్వాన్సు పంపకండి. అక్కడ చదువు మొదలైన కొత్తలో పెట్రోలు బంకులోనో దుకాణంలోనో నగదు కోసం పనిచేయవచ్చని చెప్పే సీనియర్ల మాట వినకండి. అమెరికాలో విద్యార్థికి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేసే వీలుంది. అనుమతి లేకుండా బయట చేస్తే వీసా హోదానే పోతుంది. ఆ సంపాదనను నమ్ముకుని అప్పు తక్కువ తీసుకోవడం చాలా పొరపాటు.

కోర్సు ప్రారంభానికి 30 రోజులకన్నా ముందు అమెరికాలోకి రానివ్వరు, టికెట్ ఆ లెక్కన తీసుకోండి. పాస్‌పోర్టు, ఐ-20, ఫీజు రశీదులు, రుణ మంజూరు పత్రం, ఒరిజినల్ మెమోలు చేతిసంచిలోనే ఉంచండి. శంషాబాద్‌లో వీడ్కోలుకు వచ్చినవారు టెర్మినల్ తలుపు దగ్గరే ఆగిపోవాలి, కనుక కాగితాల సంచిని కారు దిగకముందే ఒకసారి తెరిచి చూసుకోండి. దిగిన మర్నాడు ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన నమోదు) వివరాలు ఆన్‌లైన్‌లో తీసి పేరు, వీసా తరగతి, ప్రవేశించిన తేదీ సరిగా పడ్డాయో లేదో సరిచూసి, ఆ కాగితంతో విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి మీరు వచ్చినట్టు నమోదు చేయించుకోండి.