అక్వేరియంలో చేపలకు పొత్తు కుదరకపోతే

చేప తోక చిరిగిందంటే చాలామంది ముందుగా మందు కొనడానికి షాపుకు పరుగెత్తుతారు. నేనూ మొదట్లో అదే చేశాను. గాయం చేసిన చేపను అదే నీటిలో ఉంచి ఎన్ని చుక్కల మందు వేసినా పుండు మానదు. అందుకే ముందు ట్యాంకులో ఎవరి పక్కన ఎవరున్నారో చూడండి.

గోల్డ్ ఫిష్ ఒంటి మీద గీరిన మచ్చలు

పగలంతా ట్యాంకు ప్రశాంతంగా ఉంటుంది. తెల్లవారేసరికి గోల్డ్ ఫిష్ పక్కల్లో పొలుసులు ఊడి కొత్త మచ్చ కనిపిస్తుంది. మా ఇంట్లో వారం రోజులు ఇలాగే సాగింది. ఒక రాత్రి దీపాలార్పి, గంట తర్వాత టార్చ్ వేసి చూస్తే సక్కర్ ఫిష్ దాని ఒంటికి అతుక్కుని ఉంది. పాచి తిని అద్దం శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే చేప అదే. పాచి చాలనప్పుడు, ముఖ్యంగా పెద్దయ్యాక, అది నెమ్మదిగా ఈదే చేపల మీది జిగురు పొరను గీరి తింటుంది. చేపకు రోగాల నుంచి కాపు ఆ పొరే. అది పోయిన చోట బాక్టీరియా, ఫంగస్ చేరతాయి.

రాత్రిపూట కీరదోస ముక్కో, అడుగుకు మునిగే మేతో వేస్తే కొంత తగ్గుతుంది. కానీ ఒకసారి ఆ రుచి మరిగిన సక్కర్ మళ్లీ అదే పని చేస్తుంది కాబట్టి రెండింటినీ విడదీయడమే సరైన మార్గం. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చినా అది అడుగు పొడవు దాటి పెరుగుతుందని గుర్తుంచుకోండి. వద్దనుకుంటే షాపువారికే తిరిగి ఇవ్వండి, చెరువులోనో కాలువలోనో వదలకండి. అలా బయటపడ్డ సక్కర్ చేపలు మన జలాల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. అద్దం మీది పాచికి స్పాంజి చాలు.

గోల్డ్ ఫిష్‌కు గోల్డ్ ఫిష్షే తోడు అని నా గట్టి అభిప్రాయం. దానికి 18 నుంచి 23 డిగ్రీల చల్లని నీరు హాయి. ఏంజెల్, గప్పీ లాంటివి 24 నుంచి 28 డిగ్రీల మధ్య బాగుంటాయి. కలిపి పెంచితే ఎవరో ఒకరు ఇబ్బంది పడక తప్పదు.

ఏంజెల్, గప్పీ, ఫైటర్ రెక్కలు తునకలైతే

రెక్క అంచు తెల్లబడి లేదా ఎర్రబడి, కరిగినట్టు తరిగిపోతుంటే అది కుళ్లు తెగులు. ముక్క కొరికేసినట్టు గాట్లు పడితే టైగర్ బార్బ్‌లను అనుమానించండి. అవి గుంపు చేపలు. రెండో మూడో తెస్తే తమలో తాము ఆడుకునే కొట్లాటను పక్కవారి మీద చూపిస్తాయి. ఎనిమిదికి తగ్గకుండా పెంచితే ఆ అల్లరి చాలావరకు గుంపులోనే ఉండిపోతుంది. అయినా పొడవు రెక్కల చేపలతో వాటిని కలపవద్దు. ఫైటర్ మగచేప గప్పీల రంగు తోకలను చూసి మరో ఫైటర్ అనుకుని దాడి చేయవచ్చు.

నియాన్ టెట్రాలు ఒక్కొక్కటే మాయమైతే

చచ్చిన చేప ఎక్కడా కనిపించదు. ఫిల్టర్ లోపలా, ట్యాంకు వెనక నేల మీదా వెతకండి. అక్కడా లేకపోతే, అదే ట్యాంకులో ఏంజెల్ ఉంటే, దాని కడుపులో ఉన్నట్టే. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు స్నేహంగా తిరిగిన ఏంజెల్ అరచేయంత అయ్యాక, మూడు నాలుగు సెంటీమీటర్ల టెట్రా దానికి ఆహారంగానే కనిపిస్తుంది. ఆస్కార్ సంగతి చెప్పనక్కరలేదు, నోట్లో పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది. అందుకే కొనేటప్పుడు షాపులో కనిపించే సైజు కాకుండా, పెద్దయ్యాక ఎంతవుతుందో అడగండి.

కొత్త చేపను మూలకు తరుముతుంటే

పాత చేపలు తమ చోటును కాపాడుకుంటున్నాయి. దీపం ఆర్పి, రాళ్లు, మొక్కల స్థానాలు మార్చి, ఆ తర్వాత కొత్తవాటిని వదిలితే హద్దుల తగాదా తగ్గుతుంది. ఫ్లవర్‌హార్న్‌కు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు, దాన్ని ఒంటరిగానే ఉంచాలి. గప్పీల్లో ఆడచేప అలసిపోయి కనిపిస్తే మగవాటిని తగ్గించి, ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు ఉండేలా చూడండి.

అన్నీ ఒకేసారి పైకి వచ్చి నోరు తెరుస్తుంటే

ఇది తగాదా కాదు, నీటి సమస్య. కొత్త ట్యాంకులో వ్యర్థాలను మార్చే బాక్టీరియా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపే చేపలు నింపితే అమ్మోనియా పెరుగుతుంది. వెంటనే మేత ఆపి, క్లోరిన్ తీసిన నీటితో మూడో వంతు మార్చండి, గాలి పంపు వేయండి. మిగతావన్నీ బాగుండి ఒక్క చేపే పై మూలన నిలబడి ఉంటే మాత్రం దాన్ని ఎవరో తరుముతూ ఉండవచ్చు. రాత్రి టార్చ్ వేసి చూడండి.