పాత అంబాసిడర్‌లో మీటర్లు విప్పి బిగించడం ఎలా?

అనంతపురంలో నా దగ్గరికి వచ్చే పాత అంబాసిడర్లలో చాలావాటికి స్పీడోమీటర్ ముల్లు వణుకుతూ ఉంటుంది. మీటరు పోయిందనుకుని దాన్నే మార్చేస్తుంటారు. తీరా చూస్తే మీటరు బాగానే ఉంటుంది, అంతకు ముందు విప్పినవాళ్లు కేబుల్‌ను లాగి పాడు చేసి ఉంటారు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న మీటరును కాపాడుకోవాలి.

స్క్రూడ్రైవర్, చిన్న స్పానర్లు, టార్చి, కాగితం టేపు, పెన్ను ఉంటే చాలు. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయండి. తాళం తీసేస్తే సరిపోదు. ఆమీటర్ (బ్యాటరీ కరెంటును చూపే మీటరు) ఉన్న బండిలో దాని వెనక వైర్లలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే వైరింగ్ కాలిపోతుంది. మే నెల ఎండలో నిలిపిన బండిని మధ్యాహ్నం ముట్టుకోవద్దు. కాలుతున్న డ్యాష్‌బోర్డు కింద చెయ్యి నిలవదు, తొందరపడి ఏదో ఒకటి లాగేస్తారు. పొద్దున్నే మొదలుపెట్టండి.

ప్రతి వైరుకూ టేపు చుట్టి నంబరు రాయాలి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అంటారు. పాత వైర్ల రంగులు మాసిపోయి అన్నీ నల్లగానే కనిపిస్తాయి, ఫొటో పనికిరాదు. బల్బు హోల్డర్లను వైరు పట్టుకుని కాకుండా హోల్డర్ పట్టుకునే తీయండి. టెంపరేచర్ మీటరు వెనక సన్నటి రాగి గొట్టం ఉంటే దాన్ని వంచొద్దు, విరిగితే ఆ మీటరు ఇక పనిచేయదు.

ఇక స్పీడోమీటర్ కేబుల్, అంటే పైతొడుగు లోపల తిరుగుతూ ముల్లును నడిపే తీగ. మీటరును ముందుకు లాగి, ఆ సందులోంచి చెయ్యి దూర్చి కేబుల్ ఊడదీస్తారు చాలామంది. అలా ఎప్పుడూ చేయొద్దు. కేబుల్‌కు అంత పొడవు ఉండదు, లాగితే లోపలి తీగ మడత పడుతుంది. ఒకసారి మడత పడిన తీగ మళ్లీ తిన్నగా తిరగదు, ముల్లు వణికేది అందుకే. డ్యాష్‌బోర్డు కిందికి దూరి, మీటరు కదపకముందే వెనక గుండ్రటి నట్టును వేళ్లతో విప్పండి. బిగుసుకుపోయి ఉంటే చుక్క నూనె వేసి పావుగంట ఆగండి. కటింగ్ ప్లేయర్ పెడితే నట్టు నొక్కుకుపోతుంది.

బిగించేటప్పుడు ఇంకా నిదానం కావాలి. తీగ కొస నలుచదరంగా ఉంటుంది, మీటరులోని రంధ్రమూ అంతే. తీగను వేళ్లతో కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే దానంతట అదే లోపలికి జారుతుంది. జారకముందే నట్టు బిగిస్తే కొస అరిగిపోతుంది. నట్టును చేత్తోనే బిగించాలి. కేబుల్ ఎక్కడా ఆరు అంగుళాల వ్యాసార్థం కంటే గట్టిగా వంగకూడదు. మీటరుకు ఆనుకున్న రెండు అంగుళాలు తిన్నగానే ఉండాలి.

గ్రీజు సంగతి కూడా చెప్పాలి. పైనుంచి నూనె పోస్తే తీగ తిరిగేకొద్దీ అది మీటరులోకి ఎక్కి ముల్లును పట్టేస్తుంది. తీగకు పలచగా గ్రీజు రాసి, పైచివర ఎనిమిది అంగుళాలు బయటికి తీసి శుభ్రంగా తుడిచి మళ్లీ లోపలికి తోయాలి. నేను చేసే పద్ధతి ఇదొక్కటే.

మిగతావి నంబర్ల ప్రకారం తగిలించి, ఎర్త్ వైరు మరవకుండా పెట్టి, బ్యాటరీ కలపండి. బండిని ముప్పై కిలోమీటర్ల వేగంలో కాసేపు నడపండి. ముల్లు ఇంకా వణుకుతుంటే మీటరును ముట్టుకోవద్దు, కేబుల్ ఎక్కడ వంగిందో చూడండి.