పాత ఊళ్లో పైపుల తవ్వకం: దొరికినదాన్ని పైకి తీయకండి

మొన్న ఒక పాత ఊళ్లో తాగునీటి పైపుల కోసం తవ్వుతుంటే సీసపు నాణేలు ముద్దగా బయటపడ్డాయి. నేను వెళ్లేసరికి అవి గట్టు మీద ఖాళీ సిమెంటు సంచిలో ఉన్నాయి. ఎవరో కడిగి కూడా పెట్టారు. ఎంత లోతులో దొరికాయని అడిగితే ఒకరు మోకాలు చూపించారు, ఇంకొకరు నడుము. ఆ రెండింటి మధ్య ఎన్ని వందల ఏళ్లు ఉన్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

అమరావతి, ధరణికోట లాంటి ఊళ్లలో పని పట్టేవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: పైకి తీయకండి. అమరావతి స్తూపం దిబ్బను 18వ శతాబ్దం చివర ఇటుకలు, రాళ్ల కోసమే తవ్వారు. మిగిలిన శిల్పాల్లో చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. వాటిలో ఏది స్తూపం మీద ఎక్కడ ఉండేదన్న వాదన ఇంకా తెగలేదు.

అనుమతి: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలానికి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి.

యంత్రం: పళ్లు లేని బకెట్టే వాడండి. పళ్లు మట్టిని గీరేస్తే పొర రంగు మారిన చోటు కంటికి ఆనదు. పాత పైపు దారే కదా అని ధీమా వద్దు. జానెడు పక్కకు జరిగితే చాలు, ఎవరూ ముట్టని పొర తగులుతుంది.

అడుగున్నర పొడవున్న పాతకాలపు ఇటుక కనిపించిందా, యంత్రం ఆపండి. తీయకండి. పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. లోతును రోడ్డు నుంచి కొలవకండి, రోడ్డు రేపు మళ్లీ వేస్తారు. కదలని గడప రాయి నుంచి కొలవండి. కడగకండి. విగ్రహమైనా సరే, నీళ్లు పోసి పసుపు పూయకండి. ఎముకలైతే పోలీసులకూ చెప్పండి. నిధి దొరికితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పక్క గోడలు కూలకుండా దాపులు పెట్టని లోతు కాలువలోకి పరిశీలకుణ్ణి (తవ్వకాన్ని చూసే పురావస్తు నిపుణుణ్ణి) దించకండి. రాత్రి తవ్వకండి. పరిశీలకుడు కాలువ గోడ చూడకముందే పూడ్చకండి. అన్నిటికీ మించి, పైకి తీయకండి.

పరిశీలకుడి నంబరు మేస్త్రీ ఫోనులో ఉందో లేదో ముందు రోజే చూడండి. లేకపోతే పని మొదలుపెట్టకండి.