కొండవాలు గోడల నీటి కన్నాలు మూయకండి

మొన్నటి వానకు కడప దగ్గర కొండవాలున ఉన్న ఒక ఇంటి వెనక, కొండ మట్టిని ఆపే గోడ కూలింది. గోడ పక్క గదిలో ఎవరూ పడుకోలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయి. కూలిన రాతి కట్టుబడి మధ్య వేలెడు లావు పీవీసీ గొట్టపు ముక్కలు కనిపించాయి. గోడ వెనక చేరిన నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టాలవి. ఒక్కో దాని మూతిలో సిమెంటు గట్టిగా కూరి ఉంది. చెమ్మ మరకలు పడుతున్నాయని, రంగులు వేయించేటప్పుడు మూయించారట.

నేను చూసిన కూలిన గోడల్లో ఎక్కువ వాటి కథ ఇదే. అందుకే నైరుతి పోయి ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపు ఈ ఒక్క విషయం చెప్పాలనిపించింది: నీరు బయటికొచ్చే కన్నాన్ని మూయకండి.

మన సీమలో ఈ తప్పు ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. వరసగా నాలుగేళ్లు చుక్క కారని గొట్టం పనికిరానిదిగా కనిపిస్తుంది. ఎలుకలు దూరుతున్నాయని ఒకరు, పాములొస్తాయని ఒకరు మూసేస్తారు. ఆ తర్వాత 2021 నవంబరు లాంటి నెల వస్తుంది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ నెలలోనే. కొన్నాళ్లకే తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. కొండకు కరువు లెక్కలతో పని లేదు, ఒక్క రాత్రి వాన చాలు.

కొండవాలును జార్చేది నీటి బరువొక్కటే కాదు. మట్టి రేణువుల సందుల్లో నిండిన నీరు వాటిని ఒకదాన్నొకటి ఒత్తుకోనివ్వదు. ఒత్తిడి పోతే రాపిడి పోతుంది, రాపిడి పోతే వాలు నిలవదు. కడప కొండల్లో చాలాచోట్ల పైన పగుళ్లున్న క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, కింద నీటిని సులువుగా దిగనివ్వని షేల్ అనే పొరల రాయి ఉంటాయి. పగుళ్లలోంచి దిగిన నీరు షేల్ మీద ఆగి పక్కలకు దారి వెతుక్కుంటుంది. ఆ దారి మనమే ఇవ్వాలి. వాలులోకి కొంచెం పైకి ఎక్కేలా బోరు వేసి చిల్లుల గొట్టం దూర్చే పద్ధతిని కాలిఫోర్నియా రోడ్ల శాఖ 1939 నుంచే వాడుతోంది. అది జారే పొరను దాటి లోపలికి పోవాలి, లేకపోతే ఖర్చు దండగ. గొట్టం ఎంత లోతుకు పోవాలో ఇంజనీరు చెప్పాలి, మేస్త్రీ అంచనా సరిపోదు.

గోడ కట్టేటప్పుడు వెనక కంకర పొర వేయించండి, కంకరకూ మట్టికీ మధ్య నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిపించండి. అది లేకపోతే సన్నమట్టి వచ్చి కన్నాన్ని లోపలి నుంచే మూసేస్తుంది. ఎలుకల భయముంటే గొట్టం మూతికి తుప్పు పట్టని జాలీ బిగించండి. సిమెంటు మాత్రం పెట్టకండి. ఇప్పటికే మూసి ఉంటే వానలకు ముందే తీయించండి, ఇంజనీరుకు చూపించి.

ఆదోని, గుత్తి వైపు గుండ్ల కొండల కింద ఉన్నవారికి ఒక మాట: గుండు కింద మట్టి కొట్టుకుపోతుంటే గొట్టాలొక్కటే కాపాడవు. దానికి వేరే పని కావాలి.

ఇక చేయాల్సినవి, చేయకూడనివి.

ప్రతి గొట్టం మూతి దగ్గర గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టండి. ముళ్లకంప పెరిగితే అవి మళ్లీ దొరకవు.

ఏటా ఒకసారి గొట్టాల్లోకి నీరు ఒత్తిడితో కొట్టించి శుభ్రం చేయించండి.

బయటికొచ్చిన నీటిని వాలు మధ్యలో వదలకండి. గట్టి కాలువలోనో గొట్టంలోనో కింది వంక దాకా తీసుకుపోండి. మధ్యలో అతుకు కారితే ఆ నీరంతా తిరిగి కొండలోకే పోతుంది.

వాలు పైన నీళ్ల తొట్టి, ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు వద్దు.

వాలు నెత్తిన పగుళ్లు కనిపిస్తే జిగట మట్టితో నింపి పైన టార్పాలిన్ కప్పండి.

కొండ పాదాన్ని జేసీబీతో గీకించకండి. ఒక్క అడుగు కూడా.

రోడ్డు పనివాళ్లు తవ్విన మట్టిని గొట్టాల మూతి మీద పోస్తుంటే అక్కడే నిలబడి ఆపండి.

వాన పడుతుండగా గోడ కింద నిలబడి కన్నం పొడవకండి. వానలకు ముందు చేయాల్సిన పని అది.

స్వచ్ఛంగా కారే నీరు బురదగా మారితే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. జోరు వానలో కారుతున్న గొట్టం హఠాత్తుగా ఆగిపోతే ఇంకా ప్రమాదం. రెండింట్లో ఏది కనిపించినా పిల్లలను, ముసలివారిని తీసుకుని వెంటనే వాలుకు దూరంగా, పక్కకు వెళ్లండి. 112కు ఫోను చేయండి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లకండి.